కొండ కోసం ముప్పై అడుగులు

పోయిన వారం మనం లీ డాసెట్‌ని ఎండలో నిలబెట్టి వచ్చేశాం. సినిమా ఫిల్ము ముక్కని వెలుగుకి ఎత్తి చూస్తున్నవాడు, ఎత్తిన చెయ్యి దించడం మరచిపోయాడు. ఎందుకు మరచిపోయాడో చెప్పకుండా మిమ్మల్ని వారం రోజులు ఆపాను. తిట్టుకున్నవాళ్ళు ఈపాటికి తిట్టుకునే ఉంటారు.

ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది కాలిఫోర్నియాలో లోన్ పైన్ ఊరి బయట రాతిగుట్టలు, 1961 అక్టోబరు, గురువారం మధ్యాహ్నం. వర్నన్ స్టకీ యాభై నాలుగేళ్ళ డైరెక్టరు. కౌబాయ్ సినిమాలు తప్ప ఇంకోటి తీసి ఎరగడు. చవక సినిమాలు పద్దెనిమిది తీశాడు, ఆపైన పదేళ్ళుగా టీవీకి ఆరు రోజులకో కథ చొప్పున దొంగల్ని గుర్రాల మీంచి కాల్చి పడేస్తున్నాడు. ఇన్నాళ్ళకి ఒక పెద్ద రంగుల సినిమా అతని గుమ్మం దాకా వచ్చింది. నిర్మాత మెల్నిక్ మూడు గంటలకి కారులో వచ్చి, స్టకీ పనితనం కళ్ళారా చూసి అవుననో కాదనో చెబుతానన్నాడు.

ఇసుకగాలి ఒక రోజు మింగేయడంతో, దొంగ గుర్రంతో సహా బోల్తా పడే షాట్ తీయడానికి టైము చాలలేదు. సిటీలో ఎడిటరు గోదాములోంచి పాత షాట్ ఒకటి పట్టుకొచ్చాడు. పన్నెండేళ్ళ కిందట స్టకీయే తీసిన ఏడు సెకన్ల షాట్. ఎడిటరు అడగలేదు, స్టకీ వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు కదా.

పాత షాట్ వాడుకుంటే దాని ముందూ వెనకా తీసే ముక్కల్లో మనిషి అచ్చం ఆ బట్టల్లోనే కనబడాలి. అందుకని ఆ షాట్‌లోంచి నాలుగు ఫ్రేములు కత్తిరించి చొక్కా కాలరుకి గుచ్చి పంపుతారు. వేసుకునే డూపు దాన్ని ఎండకి ఎత్తి చూసుకుని, బొత్తాలూ చేతుల మడతలూ సరిచేసుకుంటాడు. ఈ ఇండస్ట్రీలో రోజూ జరిగే పనే. లీ డాసెట్ చేసిందీ అదే.

గుట్ట మీద నిలబడి చల్లబడిన మాంసం ముక్క పెట్టిన రొట్టె నములుతున్న స్టకీ ఇదంతా చూశాడు కానీ, అనుమానించలేదు. కుర్రాడు శ్రద్ధగలవాడు, పాత షాట్‌తో పోల్చి చూసుకుంటున్నాడు అనుకున్నాడు. లీకి ఇరవై ఆరేళ్ళు, మూడు వారాలుగా యూనిట్‌లో ఉన్నాడు, గుర్రం మీంచి దూకమంటే దూకుతాడు, తక్కువ మాట్లాడతాడు. అంతకుమించి అతని గురించి స్టకీకి తెలియదు. డూపుల పేర్లు గుర్తుపెట్టుకోవడం పన్నెండేళ్ళ కిందటే మానేశాడు. అందర్నీ అబ్బాయ్ అనేవాడు.

లీ కాస్ట్యూమ్స్ చూసే బర్నీస్ దగ్గరికెళ్ళి, ఈ ముక్క ఏ సినిమాలోదని అడిగాడు. ఆవిడ దాంతోపాటు కాలరుకి గుచ్చిన చీటీ వెనక్కి తిప్పి సినిమా పేరూ, 1949 అన్న అంకె చదివి, తాను కొత్తగా కుట్టిన చొక్కాకి ఆ భుజం మీద మాసిక కూడా సరిగ్గా వేశానని మురిసిపోతూ చెప్పింది. బాగుందమ్మా, చాలా బాగుంది అన్నాడు లీ. ఫిల్ము ముక్క జేబులో పెట్టుకుని, చొక్కా చంకలో పెట్టుకుని గుర్రాల్ని మోసుకొచ్చే బండి ఉన్న వైపు నడిచాడు. పరిగెత్తలేదు.

స్టకీ అటు తిరిగి మెళ్ళో వేలాడే ఇత్తడి వ్యూఫైండర్‌ని కంటికి పెట్టుకున్నాడు. గుట్టల వెనక విట్నీ శిఖరం మంచుతో మెరుస్తోంది. ఎంత దిక్కుమాలిన సినిమా అయినా, దాంట్లో హీరో గుర్రానికి మూడు కాళ్ళే ఉన్నా, స్టకీ తీసిన షాట్‌లో ఆ కొండ ఎక్కడుండాలో అక్కడ ఉంటుంది. యూనిట్ వాళ్ళు దాన్ని స్టకీగారి పెళ్ళాం అని ఏడిపించేవాళ్ళు. గోదాములోంచి వచ్చిన ఆ ఏడు సెకన్లలోనూ ఉంది. గాలిలో తిరగబడ్డ గుర్రం, దాని మీంచి ఎగిరిన మనిషి, రెండిటి మధ్య సందులో కొండ. అది చూసే టీవీ వాళ్ళు అతన్ని పిలిచి పని ఇచ్చారు. ఇవాళ మెల్నిక్ వస్తున్నదీ దాని పుణ్యమే. ఆ షాట్ తెర మీద వచ్చినప్పుడల్లా స్టకీ మాత్రం సిగరెట్టు వెలిగించుకునే నెపంతో తల దించుకునేవాడు.

గుర్రాల బండి దగ్గర్నుంచి చెక్కల మీద గిట్టలు తన్నుతున్న చప్పుడొచ్చింది. ఒక గుర్రం కాదు, నాలుగూ తన్నుతున్నాయి. తర్వాత మనిషి గొంతు వినబడింది. అది అరుపు కాదు, అరుపుకి కావలసిన గాలి లేనివాడు చేసే చప్పుడు. స్టకీ రొట్టె అక్కడే పడేసి గుట్ట దిగాడు. యూనిట్ అంతా అవతలి పక్క లోయలో గుడారం కింద భోజనాల్లో ఉంది, మధ్యలో ఇంటి ఎత్తు బండలు. ఇక్కడ పీక కోసినా అక్కడికి వినబడదు.

బండి వెనక నేల మీద టోబ్ యాన్సీ వెల్లకిలా పడి ఉన్నాడు. టోబ్ అరవై నాలుగేళ్ళ గుర్రాల మేస్త్రీ, ఇరవై ఏళ్ళుగా స్టకీ వెంటే ఉన్నవాడు. లీ బూటు అతని మణికట్టు మీద ఉంది. లీ చేతిలో కళ్ళెం, దాని ఇనప ముక్కకి నెత్తురూ తెల్లటి మీసం వెంట్రుకలూ అంటుకున్నాయి. టోబ్ కింది పెదవి రెండుగా చీలిపోయింది. స్టకీని చూసి అతను పక్కకి తిరిగి ఉమ్మాడు. మట్టిలో మూడు పళ్ళు పడ్డాయి.

"చెప్పేశాను వర్న్" అన్నాడు టోబ్. "మూడో పన్ను ఊడేదాకా చెప్పలేదు. అది మాత్రం నా లెక్కలో వేసుకో."

లీ బూటు తీశాడు. తీసేముందు ఒక్కసారి బరువంతా మోపాడు. కర్ర విరిగినట్టు చప్పుడైంది, టోబ్ మోకాళ్ళు గుండెల దాకా ముడుచుకుని అటు తిరిగిపోయాడు. మూలన కట్టేసిన బూడిదరంగు గుర్రం టిల్లీ తల ఎగరేస్తూ వెనక్కి తగ్గింది. లీ దాని వైపు చూడకుండానే ఎడంచెయ్యి చాచి, హో తల్లీ, హో, నీకు కాదులే అని నెమ్మదిగా అన్నాడు. ఈ గుర్రం తినందే వాడు పొద్దున ఆపిల్ పండు ముట్టడు.

"తీగ సంగతి అడిగాను సార్" అన్నాడు లీ స్టకీ వైపు తిరిగి. "ముప్పై అడుగులు కురచ అన్నాడు. ఎందుకు కురచ అంటే మాత్రం డైరెక్టరుగార్నే అడగమన్నాడు. అడుగుతున్నాను."

ఆ తీగ మాట పన్నెండేళ్ళుగా స్టకీ, టోబ్ ఒకరితో ఒకరు కూడా అనుకోలేదు. స్టకీ పైకి మాత్రం డైరెక్టరు గొంతే పెట్టాడు. నువ్వెవడివిరా, నా మేస్త్రీ మీద చెయ్యి చేసుకోవడానికి నీకెన్ని గుండెలు అన్నాడు.

లీ కుడిచెయ్యి పైకెత్తి, బొటనవేలూ చూపుడువేలూ అరచేతిలోకి ముడిచి చూపించాడు. మూడు వేళ్ళు నిలబడ్డాయి. "హోబ్ పుల్లియం. ఒక తల్లి పిల్లలం, తండ్రులు వేరు. వాడికి పదహారేళ్ళప్పుడు జీను కొమ్ముకి చుట్టిన తాడులో చెయ్యి ఇరుక్కుని ఈ రెండు వేళ్ళూ తెగిపోయాయి. ఆ తాడు కొసన ఉన్న దూడని బెదరగొట్టింది నేనే. వాడు నన్ను కొట్టలేదు, అమ్మతో కూడా చెప్పలేదు." జేబులోంచి ఫిల్ము ముక్క తీశాడు. "ఇందులో మొహం కనబడదు సార్. చెయ్యి కనబడుతోంది. ఆకాశంలో, మీ కొండ పక్కన."

మీకు గుర్తుండే ఉంటుంది, ఆరు వారాల కిందట స్టకీ బీరువాలో ఒక ఉత్తరం నకలు చూశాం, ఎవరికి రాసిందో అప్పుడు చెప్పలేదు. అది హోబ్ తల్లికి రాసింది. రిహార్సల్లో జరిగిందనీ, అప్పుడు కెమెరా తిరగడమే లేదనీ, గుర్రం ఏదో కలుగులో కాలు పెట్టిందనీ, మీ అబ్బాయికి నొప్పి తెలియనే లేదనీ రాశాడు. ఆవిడ దాన్ని బైబిల్లో పెట్టుకుందని లీ ఇప్పుడు చెప్పాడు. చదువురాని మనిషి కాబట్టి ప్రతి ఆదివారం లీ చేతనే చదివించుకునేదట. మొత్తం ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలడు. కెమెరా తిరగకపోతే ఈ ముక్క ఎక్కణ్ణుంచి వచ్చింది, అదే అతను అడుగుతున్నది.

స్టకీ చూపంతా ఆ ముక్క మీదే ఉంది. దాని కింది అంచున, గుర్రం ముంగాళ్ళ దగ్గర్నుంచి వెనక్కి, వెంట్రుకలాంటి తెల్లగీత, ఆ తీగే, ఉంటుందని అతనికి తెలుసు. టీవీ తెర మీద ఎవరికీ కనబడదు. చేతిలో పెట్టుకుని చూసే గుర్రాల మనిషికి కనబడుతుంది. మెల్నిక్ చుట్టూ ఉండే వకీళ్ళకి ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే వాళ్ళకీ కనబడుతుంది. మూడు గంటలకి ఇంకా నలభై నిమిషాలు ఉన్నాయి.

అందుకే ముందు కొట్టింది స్టకీయే. మెళ్ళో వ్యూఫైండర్‌ని గుప్పిట్లో బిగించి లీ చెవి మీద బాదాడు. ఇత్తడి అంచు చెవి పైభాగాన్ని చీల్చేసింది, నెత్తురు మెడ మీదుగా చొక్కాలోకి దిగింది. లీ ఒక మోకాలి మీద పడ్డాడు. స్టకీ ముక్క కోసం వంగాడు. వంగకుండా రెండో దెబ్బ వేసి ఉంటే కథ వేరేగా ఉండేది. కానీ అతనికి మనిషి మీద ధ్యాస లేదు, ఫిల్ము మీద ఉంది. లీ కింద నుంచి తలతో అతని గడ్డం కింద కుమ్మాడు. స్టకీ నాలుక పళ్ళ మధ్య పడి నోరంతా ఉప్పగా అయిపోయింది.

ఇరవై ఆరేళ్ళుగా స్టకీ కొట్లాటలు తీశాడు. అతని సినిమాల్లో మనిషి ఎనిమిది గుద్దులు తిని టోపీ సర్దుకుంటాడు, మంచి బల్ల ఒకటి విరుగుతుంది, అంతే. ఇక్కడ లీ వేసిన మొదటి గుద్దుకే పక్కటెముక ఒకటి లోపలికి విరిగింది. స్టకీ బండి చక్రం పట్టుకుని లేచి, చేతికి దొరికిన గూటాలు కొట్టే సుత్తి తీసుకుని విసురుగా తిప్పాడు. అది లీ భుజాన్ని రాసుకుంటూ వెళ్ళి బండి చెక్కని బద్దలు కొట్టింది. లీ అతని చెయ్యి వెనక్కి మెలిపెట్టి మొహాన్ని ఆ విరిగిన చెక్కకేసి రెండుసార్లు కొట్టాడు. రెండోసారికి కనుబొమ్మ తెగి కన్ను మూసుకుపోయింది. స్టకీ కూడా తక్కువవాడేం కాదు, వయసులో నేవీలో బాక్సింగ్ చేసినవాడు. మడమతో లీ పాదం మీద తొక్కి, మోచేత్తో గొంతు మీద పొడిచాడు. లీ ఊపిరందక తూలాడు. స్టకీ అతని తెగిన చెవిని పట్టుకుని లాగాడు, సిగ్గులేకుండా పూర్తి బలంతో లాగాడు. అప్పుడు లీ అరిచిన అరుపుకి టిల్లీ కట్టు తెంపుకోబోయింది.

ఆ తర్వాత ఎక్కువసేపు పట్టలేదు. లీ అతన్ని నేల మీద పడేసి గుండెల మీద కూర్చుని కొట్టాడు. ఎడమ, కుడి, మళ్ళీ ఎడమ, తొందర లేకుండా పిండి పిసికినంత నింపాదిగా కొట్టాడు. ఇరవై ఏళ్ళ స్నేహంతో టోబ్ మంచి చెయ్యి ఒకటి చాపి లీ ప్యాంటు పట్టుకుని, చాల్లేరా, చస్తాడు, చస్తే చెప్పేదెవరు అన్నాడు. ఆ మాటకి లీ ఆగాడు.

"ఎందుకు కురచ?" అన్నాడు.

స్టకీకి ఇంక దాచడానికి బలం లేదు. దాయాలనీ అనిపించలేదు. నోట్లో నెత్తురు మింగుతూ, ఆగి ఆగి చెప్పాడు. అప్పటికే తీగతో గుర్రాన్ని పడేయడం నిషేధం. ముంగాళ్ళకి తోలుపట్టీలు వేసి, వాటికి ఉక్కుతీగ తగిలించి, రెండో కొసని బయలుదేరే చోట పాతిన ఇనప గూటానికి కడతారు. గుర్రం దౌడు తీసినంతసేపూ వెనక తీగ విప్పుకుంటూ వస్తుంది. తీగ అయిపోయిన చోట కాళ్ళు రెండూ ఒక్కసారి వెనక్కి గుంజుకుపోతాయి. సగం గుర్రాలు మళ్ళీ లేవవు. హోబ్ తీగ కట్టిన గుర్రం ఎక్కనని ముందే చెప్పాడు. అందుకని ఇది కళ్ళెం లాగితే పడే తర్ఫీదు గుర్రమేనని హోబ్‌కి చెప్పారు. సెట్ మీద గుర్రాల్ని కనిపెట్టి ఉండే జంతువుల సంఘం మనిషిని ఏదో వంకన ఊళ్ళోకి పంపారు. కాళ్ళ పట్టీలు కనబడకుండా బురద పూశారు.

హోబ్ తను పడబోయే చోట మెత్తమట్టి స్వయంగా తవ్వుకున్నాడు. దానికి రెండు పక్కలా గుర్తుకి చెట్టుకొమ్మలు గుచ్చుకున్నాడు. తీగ పొడవు కూడా సరిగ్గా అక్కడికే కొలిచారు. అంతా సిద్ధమయ్యాక స్టకీ కెమెరాలోంచి చూశాడు. కొండ ఫ్రేములో లేదు.

"ముప్పై అడుగులు ఇవతలికి పడితే కొండ వస్తుంది" అన్నాడు స్టకీ. ఒక కంటితోనే చూస్తున్నాడు. "కెమెరా జరిపాను. తీగ కురచ చెయ్యమన్నాను. మట్టి మళ్ళీ తవ్వాలంటే గంట పడుతుంది, ఎండ పోతోంది. మట్టి దాకా వాడే లాక్కొస్తాడులే అనుకున్నాను. అనుకోలేదు. నిజం చెప్పాలంటే మట్టి సంగతి నేను ఆలోచించనే లేదు. కొండ సంగతే ఆలోచించాను."

లీ తెగిన చెవిలోంచి కారే నెత్తురు స్టకీ చొక్కా మీద పడుతోంది. నొప్పి తెలియలేదని రాశావు కదా, అదైనా నిజమేనా అని లీ అడిగాడు.

నలభై నిమిషాలు బతికాడని స్టకీ చెప్పాడు. రాళ్ళ మీద మెడ ఒక పక్కకి తిరిగిపోయి పడి ఉన్నాడు. పడిన ప్రతి డూపూ లేచేముందు డైరెక్టర్ని ఒక మాట అడుగుతాడు. అది ఈ పనిలో పుట్టుకతో వచ్చిన అలవాటు. హోబ్ లేవలేకపోయినా ఆ మాట అడిగాడు.

"దొరికిందా అన్నాడు. షాట్ దొరికిందా అని" అన్నాడు స్టకీ. అతని మంచి కంట్లోంచి నీళ్ళు చెవిలోకి కారుతున్నాయి. ఏడుపు ఆపుకోవాలని చూడలేదు. "దొరికిందని చెప్పాను. సంతోషించాడు. దేవుడి మీద ఒట్టు, సంతోషించాడు."

లీ అతని గుండెల మీంచి లేచాడు. బండి చాటుకి వెళ్ళి అటు తిరిగి నిలబడి, చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. తిరిగొచ్చినప్పుడు అతని చేతిలో బర్నీస్ కుట్టిన చొక్కా ఉంది. దాన్ని స్టకీ మీదికి విసిరాడు.

బేరం రెండు ముక్కల్లో చెప్పాడు. మెల్నిక్ వచ్చీ రాగానే ఈ ఫ్రేములు అతని చేతిలో పెడతాను, టోబ్ పక్కన నిలబడి జరిగింది చెబుతాడు, అది ఒక దారి. రెండో దారి, ఆ చొక్కా తొడుక్కుని టిల్లీ ఎక్కి ఆ షాట్ నువ్వే చెయ్యి, అయ్యాక నీ కళ్ళ ముందే ముక్క తగలబెడతాను, జన్మలో నోరెత్తను. మాట్లాడుతూనే వంగి టిల్లీ ముంగాళ్ళకి తోలుపట్టీలు బిగించాడు. బండి అటక మీద పన్నెండేళ్ళుగా తుప్పుపట్టిన తీగచుట్ట ఎక్కడుందో టోబ్ చేత ముందే చెప్పించుకున్నాడు. తీగ విప్పుకుంటూ వెళ్ళి, బయలుదేరే చోట ఉన్న ముళ్ళపొద వెనక్కి మాయమయ్యాడు. సుత్తి చప్పుడు నాలుగు దెబ్బలు వినబడింది.

"గూటానికి కట్టానో, ఊరికే పక్కన పడేశానో చెప్పను" అన్నాడు తిరిగొచ్చి. "మా అన్నకి ఎవరూ చెప్పలేదు. కట్టి ఉంటే మాత్రం గుర్రం మీంచి దొర్లే ముక్క కోసం పొద్దున నేను తవ్వుకున్న మెత్తమట్టి దాకా సరిపడా వదిలాను. అదుగో, రెండు కొమ్మల మధ్య. నేను నీ అంత చెడ్డవాణ్ణి కాదు."

టోబ్ విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వద్దు వర్న్, పెద్దాయన రానీ, ఇద్దరం కలిసే చెప్పేద్దాం అని బతిమాలాడు. తనకి అరవై నాలుగేళ్ళు నిండాయి, ఇప్పుడు తననెవరు ఏం పీకుతారు అన్నాడు. స్టకీ వింటున్నట్టే కూర్చున్నాడు. నిజానికి లెక్క వేసుకుంటున్నాడు. వీడు టిల్లీకి పెట్టకుండా ఆపిల్ పండు కొరకడు. వీడు గుర్రం కాళ్ళు విరగ్గొడతాడా? కొట్టడు. గూటానికి కట్టలేదు. కట్టి ఉన్నా మెత్తమట్టి ఉంది, హోబ్‌కి అదీ లేదు. విరిగిన పక్కటెముక పొడుస్తుంటే, అరవై రోజుల షూటింగు ఉన్న రంగుల సినిమా కోసం వర్నన్ స్టకీ చచ్చిపోయినవాడి చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకున్నాడు. చేతులు రెండు మడతలు వేశాడు, ఫ్రేములో ఉన్నట్టే.

బండల చాటు నుంచి గుర్రం బయటికి వచ్చేసరికి యూనిట్ భోజనాలు ముగించి వస్తోంది. టోపీ కళ్ళ మీదికి లాక్కున్న రౌతు డైరెక్టరేనని పోల్చుకోగానే అందరూ చప్పట్లు కొట్టారు. మొహాన నెత్తురు మేకప్ అనుకున్నారు. చచ్చే సీను కదా. కెమెరామన్ గస్ వాగు అవతల నుంచి, పెద్దాయన వస్తున్నాడని మీరే దిగారా, మేమంతా ఇంక దుకాణం కట్టేసుకోవాలా అని నవ్వుతూ కేకేశాడు. అతని వెనకే దుమ్ము లేపుకుంటూ నల్ల కారొకటి వచ్చి ఆగింది. మెల్నిక్ దిగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, డైరెక్టరు స్వయంగా గుర్రమెక్కాడని ఎవరో చెప్పగానే చెయ్యి ఊపాడు. ఒక్క కేక వేస్తే చాలు, తీగ ఉందని ఒక్క మాట అంటే యాభై మంది పరిగెత్తుకొస్తారు. స్టకీ కూడా చెయ్యి ఊపాడు.

లీ కళ్ళెం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. దూరం నుంచి చూసేవాళ్ళకి డైరెక్టరుగారికి సాయం చేస్తున్న డూపులా కనబడతాడు. స్టకీ ఎదురుగా చూశాడు. చదునైన దారి, చివర వాగు గట్టు, దానికి ముందు రెండు కొమ్మలు, అవతల గస్ కెమెరా. పొద్దున లీ కోసం పెట్టిన చోటే పెట్టారు కెమెరాని. అక్కణ్ణుంచి చూస్తే రౌతు వెనక వట్టి రాతిగుట్ట వస్తుంది. మెల్నిక్ చూస్తున్నాడు, స్టకీ జీవితంలో ఇంతకంటే పెద్ద షాట్ లేదు, వెనక వట్టి గుట్టా?

చెయ్యి దానంతటదే లేచింది. గస్‌కి సైగ చేశాడు. ఇవతలికి, ఇంకా ఇవతలికి, ఇంకొంచెం. నలుగురు మనుషులు కెమెరాని మోసుకుంటూ జరిపారు. కొండ గస్ అద్దంలోకి రాగానే అతను బొటనవేలు ఎత్తి చూపించాడు. స్టకీకి ఒక్క క్షణం నొప్పులన్నీ మరపుకొచ్చాయి.

అప్పుడు పక్కన లీ గొంతు వినబడింది. కోపం లేదు, చాలా అలసట ఉంది.

"ఎన్నడుగులు జరిపావు?"

స్టకీ ఎత్తిన చెయ్యి దించాడు.

"నేనే కొలుస్తాన్లే" అన్నాడు లీ. "మరి తీగ కూడా కురచ చెయ్యాలి కదా సార్. షాట్ మీది."

తొందరేమీ లేకుండా పొద వెనక్కి వెళ్ళాడు. తీగ రాళ్ళ మీద ఈడ్చుకుంటున్న చప్పుడు వినబడింది, చాలాసేపు వినబడింది. స్టకీ దారి వైపు చూశాడు. కొమ్మలకి ముప్పై అడుగుల ఇవతల, దారికి రెండు పక్కలా మోకాలెత్తు రాళ్ళు, ఎండకి తెల్లగా కాలి, వరసగా ఉన్నాయి. దిగడానికి ఇంకా టైముంది. కారు దగ్గర మెల్నిక్ సిగరెట్టు పారేసి ముందుకొచ్చి నిలబడ్డాడు. బర్నీస్ కూడా వచ్చి, చొక్కా మాసిక ఇంత దూరం నుంచి కూడా కనబడుతోందని పక్కవాళ్ళకి చూపిస్తోంది. గస్ సిద్ధమని చెయ్యెత్తాడు. డైరెక్టరు మాట అననిదే ఈ లోకంలో ఏదీ కదలదు, అది స్టకీయే పెట్టిన కట్టుబాటు.

లీ తిరిగొచ్చాడు. స్టకీ వైపు చూడలేదు. టిల్లీ తలని రెండు చేతులా దగ్గరికి తీసుకుని, దాని నుదుటికి తన నుదురు ఆనించాడు. తెగిన చెవి నెత్తురు దాని బూడిదరంగు జూలుకి అంటింది.

"తప్పయింది తల్లీ" అన్నాడు దాని చెవిలో. "నన్ను క్షమించు."

ఆ తర్వాత పక్కకి తప్పుకుని, మొదటిసారి తలెత్తి స్టకీ మొహంలోకి చూశాడు. అతని కళ్ళు ఎర్రగా తడిగా ఉన్నాయి.

"పడ్డాక అడుగు, దొరికిందా అని. చెబుతాను."

వాగు అవతల యాభై మంది ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నారు. వాళ్ళకి ఎదురుగా, స్టకీ వెనక, కొండ ఉండాల్సిన చోట ఉంది. వర్నన్ స్టకీ కళ్ళేలు అందుకుని, పగిలిన పెదవులు తడుపుకుని, ఇరవై ఆరేళ్ళుగా రోజుకి యాభై సార్లు అంటున్న మాటే అన్నాడు.

"యాక్షన్."

టిల్లీ ఒక్క ఉదుటున లేచింది. వెనక రాళ్ళ మీద తీగ జరజరా విప్పుకుంటున్న చప్పుడు అతనికి స్పష్టంగా వినబడుతోంది.